మైసమ్మ కుస్తీ క్యాసెట్లు

"ఎవరో ఆడమనిషి ఒర్రుతున్నది భూపాల్! మొదటి నుంచి ఆఖరి దాక ఒర్రుడే!"

ఫోను స్పీకర్‌లో ఉంది. భూపాల్ గడ్డం గీసుకుంటున్నాడు. చేతులకు సబ్బునురగ ఉందని ఫోనును కిటికీ దిమ్మె మీద పెట్టి మాట్లాడుతున్నాడు. ఆ కాస్త బద్ధకమే అతని కొంప ముంచింది. లేకపోతే ఈ సంగతి ఇంట్లో ఇంకెన్నాళ్లకు బయటపడేదో.

"రంజిత్ అన్నా, జర ఆగు..."

"ఏమాగాలె? డబ్బా గూడ తెరవలేదంటివి. పైన దుబాయ్ స్టిక్కర్ అట్లనే ఉన్నదని మురిసిపోయిన. పొద్దుగాల వీసీఆర్‌ల పెడితె బొమ్మ మంచిగనే ఉన్నది, సౌండ్ మాత్రం ఖరాబ్. ఇంగ్లీష్ కామెంటరీ లేదు, జనం కేకలు లేవు. ఎవతో తెలుగుల తిడుతున్నది. రెఫిరీని పట్టుకొని గాడ్ది కొడుకా అంటున్నది భూపాల్!"

వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మైసమ్మ చెయ్యి ఆగిపోయింది.

రెఫరీని గాడిద కొడుకా అని తిట్టిన ఆ ఆడమనిషి మైసమ్మే.

బీరువా తాళంచెవి మూడు రోజులుగా కనబడడం లేదు. దేవుడి గూట్లో చూసింది, బియ్యం డబ్బాలో చూసింది, చివరికి కోడలు పూర్ణిమ కుట్టుమిషన్ సొరుగు కూడా కుమ్మరించింది. వయసు మీద పడి మతిమరుపు వచ్చిందని తనను తానే తిట్టుకుంది. ఇప్పుడు లేచి వెళ్లి బీరువా పిడి పట్టుకుని లాగింది. ఎవరూ లాగి చూడలేదు గాని, దానికి తాళమే వేసి లేదు.

నలభై ఒక్క కుస్తీ క్యాసెట్లు ఉండాల్సిన అరల్లో నాలుగు కలరా ఉండలు మిగిలి ఉన్నాయి.

వెనకాల కొడుకు గొంతు వినబడుతూనే ఉంది. "అదా అన్నా... మా బాపు వీడియో లైబ్రరీ నడిపిన రోజులల్ల పనికి ఒకామెను పెట్టుకున్నడు. బాపు లేనప్పుడు ఆమె చేసుంటది గా కిరికిరి. నాకెట్ల తెలుస్తది? నువ్వు ఫికర్ చెయ్యకు. ఆ గొంతు తుడిపిచ్చేద్దాం."

"పదకొండింటికి మెహిదీపట్నం నుంచి జగదీశ్ అని ఒకాయన మిషన్ తీస్కొని వస్తున్నడు. నువ్వు గూడ మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కు రా. నీ ముంగటనే చేపిస్త."

"వస్తన్న. పక్కా వస్త."

ఫోను ఆగింది. మైసమ్మ రెండు చేతులూ గట్టిగా చరిచింది.

ఆ ఇంట్లో చప్పట్లంటే మైసమ్మ పిలుపు. పోయినేడు బోనాల ముందు నగరంలోని దవాఖానలో, ఆమె గొంతులో పుట్టిన పుండుతో పాటు గొంతుపెట్టెను కూడా తీసేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఇప్పుడు మెడకున్న చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తుంది. దాని మీద పలుచని తెల్లగుడ్డ కట్టుకుంటుంది. మాట్లాడితే పెదవులు కదులుతాయి, చప్పుడు రాదు. పూర్ణిమ నెలరోజుల్లో ఆ పెదవులు చదవడం నేర్చుకుంది. భూపాల్‌కూ వచ్చు. కాని అతనికి అంతకన్నా బాగా వచ్చింది మొహం పక్కకు తిప్పుకోవడం. తల్లి నోటి వంక చూడకపోతే తల్లి ఏమీ అననట్టే. కడుపున పుట్టినవాడు కనిపెట్టిన ఉపాయం అది. ఎంత సులువైందో చూడండి!

ఇప్పుడూ అతను అద్దంలోకే చూస్తున్నాడు.

చప్పుడుకు పూర్ణిమ మెడలో కొలతల టేపుతో అట్లాగే పరుగెత్తుకు వచ్చింది. తెరిచి ఉన్న బీరువా చూసింది, అత్త పెదవులు చూసింది.

"క్యాసెట్లు ఏడికి పోయినయని అడుగుతున్నది అత్తమ్మ."

"విన్నరు గదా ఫోన్ల. రంజిత్ అన్నకు ఇచ్చిన."

"ఎవర్ని అడిగి ఇచ్చినవు?"

"ఎవర్ని అడగాలె? బాపు సామాను అది. బాపు లేడు, నేనున్న."

మైసమ్మ బీరువా తలుపును అరచేత్తో బాదింది. పెదవులు గబగబా కదిలాయి.

"డబ్బాలు బాపుయి అయితే కావచ్చు, లోపలి గొంతు నాదంటున్నది," అంది పూర్ణిమ. "ఒక్కసారి ఇటు చూడరాదయ్యా? ఆమెనే చెప్తది."

భూపాల్ చూడలేదు. గడ్డం కింద మరోసారి కత్తి పెట్టుకున్నాడు.

"పైసలకు ఆశపడి ఇచ్చిననుకుంటున్నరా? రంజిత్ అన్న శంకర్‌పల్లి కాడ వెంచర్ వేస్తున్నడు. ప్లాట్లు అమ్మెటందుకు ఏజెంటును పెట్టుకుంటడు. పదిమంది ఆయన ఎంట తిరుగుతున్నరు. ఆయనకు ఈ కుస్తీ క్యాసెట్లంటే పానం. మా ఇంట్ల ఒరిజినల్‌వి ఉన్నయన్న. ఆ ఒక్క మాటతోని నన్ను పక్కన కూసోపెట్టుకున్నడు. అది మీకు కనవడదు."

"డబ్బా తెరవలేదని అబద్ధం చెప్పినవు. ఇప్పుడు పనామె ఒర్రిందని ఇంకొకటి."

"మరేం చెప్పాలె? మా అవ్వనే ఒర్రిందని చెప్పాల్నా?"

పూర్ణిమ మెడలోని టేపు లాగేసి అతని వెనకకు వచ్చి నిలబడింది.

"వీసీఆర్ బాగుచేపిస్త, నీ గొంతు నీకు ఇనిపిస్త అని దవాఖానల చెప్పినవు, యాదికున్నదా? ఆపరేషన్‌కు తీస్కపోయే ముందర. ఆ మాట పట్టుకొని ఆమె ఇన్ని నెలలు ఎదురుచూసింది. నువ్వు వీసీఆర్ చేపియ్యకపోతివి, పైగా క్యాసెట్లే ఎత్తుకపోతివి."

"నీకేమెరుక పూర్ణిమా!" భూపాల్ కత్తిని మగ్గులో పడేశాడు. "నేను బడికి పోతే ఏమైతుండెనో నీకెరుకనా? 'కుస్తీ మైసమ్మ కొడుకొచ్చిండు' అని పోరగాళ్లంత బల్లలు కొట్టేటోళ్లు. ఒకటి, రెండు, మూడు అనుకుంట. పదో తరగతి దాక కొట్టిన్రు. సార్లు గూడ నవ్విన్రు. తాగొచ్చిన మొగోళ్ల నడుమ నిలవడి మైకుల తిట్లు తిట్టే తల్లి ఎవనికన్న ఉన్నదా? ఇప్పుడు నేనొక మనిషిననిపించుకునే టైంల మళ్లా ఆ గొంతు ఎందుకు?"

మైసమ్మ ఆ మాటలు నిలబడి విన్నది. గోడకున్న పలక తీసుకుంది. ఏడో తరగతి దాకా చదివిన చెయ్యి. పెద్ద అక్షరాలతో ఒకే మాట రాసింది. 'ఆ తిట్లతోనే నీకు బువ్వ పెట్టిన.'

పలకను అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడంటే, ఆ తువ్వాలు తీసేసరికి తను గుమ్మం దాటి ఉన్నాడు. బండి చప్పుడు సందు చివరిదాకా వినబడి ఆగిపోయింది.

తిట్లట! ఒర్రుడట! ఆ రోజుల్లో చేవెళ్లలో ఎవరినైనా అడగండి.

మైసమ్మ మొగుడు సత్తయ్య బస్టాండు పక్క సందులో వీడియో లైబ్రరీ పెట్టినప్పుడు, దుబాయ్‌లో ఉన్న తమ్ముడు నర్సింహ అమెరికా కుస్తీ పోటీల క్యాసెట్లు పంపేవాడు. ఏటేటా జరిగే పెద్ద పోటీలను ఆ కంపెనీవాళ్లు అందమైన డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్లు. సంత రోజున కూరగాయలు అమ్ముకుని వచ్చినవాళ్లు లైబ్రరీ వెనక హాల్లో కూర్చుని చూసేవాళ్లు. అంతా ఇంగ్లీషు. మంచివాడెవడో, మోసగాడెవడో, వాళ్లు ఎందుకు కొట్టుకుంటున్నారో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. ఒకనాడు సత్తయ్యకు జ్వరం వస్తే మైసమ్మ కౌంటర్‌లో కూర్చుంది. జనం గోల భరించలేక మైకు అందుకుంది. నల్లటి అంగీ కప్పుకున్నవాడికి 'గొంగడోడు' అని పేరు పెట్టింది. మెరిసే చెడ్డీ వాడికి 'బంగారు లాగు'. ఒకరికి ఎడ్లు పోయాయని, ఇంకొకరు దొంగ సాక్ష్యం చెప్పారని కథ అల్లింది. హాలు హాలంతా లేచి నిలబడింది.

ఆ తర్వాత క్యాసెట్టు కిరాయికి తీసుకుపోయినవాళ్లు తెల్లారి తిరిగి తెచ్చి మొహం వేలాడేసేవాళ్లు. "ఇంట్ల చూస్తె మైసక్క లేదు. మైసక్క లేకుంటె మజా లేదు."

అందుకని సత్తయ్య మైకు పెట్టుకునే వీలున్న వీసీఆర్ కొన్నాడు. బొమ్మను ముట్టకుండా మాటను మాత్రం మార్చే మీట ఉండేది దానికి. కంపెనీ క్యాసెట్టు మీద వేరే ఏదీ ఎక్కకుండా వెనక చిన్న చిల్లు ఉంచుతారు. ఆ చిల్లు మీద అంటుపట్టీ ముక్క అతికిస్తే చాలు, ఎక్కుతుంది. మధ్యాహ్నం తలుపులు మూసుకుని మైసమ్మ నలభై ఒక్క క్యాసెట్లకూ తన గొంతు ఎక్కించింది. నకలు తీసుకుని దాని మీద ఎక్కించుకోవాలన్న ఆలోచన మొగుడికీ రాలేదు, పెళ్లానికీ రాలేదు. కొన్న వస్తువును బాగుచేసుకుంటున్నామనుకున్నారు గాని పాడుచేస్తున్నామని ఎందుకనుకుంటారు?

ఒక క్యాసెట్టులో కుక్కర్ విజిల్ కూడా ఉంటుంది.

పూర్ణిమ కుట్టుమిషన్ మీది జాకెట్టు గుడ్డను అట్లాగే వదిలేసి వచ్చింది. "చెప్పులేసుకో అత్తమ్మా. పదకొండింటికి అన్నడు గదా ఆయన. మెహిదీపట్నం బస్సు దొరికితే మొయినాబాద్‌ల దిగి అందుకుంటం."

మైసమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది.

*

బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరుకు రెండు ఆధార్ కార్డులు చూపించి పూర్ణిమ ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్లు రెండు తీసుకుంది. అత్తకు సీటు ఇప్పించి తను పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది. రోడ్డు వెడల్పు పనుల దుమ్ము కిటికీలోంచి వస్తుంటే మైసమ్మ మెడ మీది గుడ్డను అరచేత్తో కప్పుకుంది.

"అక్కడ నేను మాట్లాడుత," అంది పూర్ణిమ వంగి. "నువ్వు కూసో. కడిగి పారేస్త ఇద్దర్నీ."

మైసమ్మ తల అడ్డంగా ఊపింది. పెదవులు కదిలాయి. "వాడే చెప్పాలె."

"ఎవరు? ఆయననా? చెప్పినట్టే!"

"నువ్వు చెప్తె కోడలు కొట్లాటకొచ్చిందంటరు. వాడు చెప్తె నా గొంతు నాదైతది."

పూర్ణిమ దవడలు బిగుసుకుని ఉండడం మైసమ్మకు కనబడుతూనే ఉంది.

మైసమ్మకు ఇంకో సంగతి గుర్తుంది. భూపాల్‌కు గుర్తులేదు, ఉండే వయసు కాదు. గొంగడోడి క్యాసెట్టు ఎక్కిస్తున్న మధ్యాహ్నం ఆరేళ్ల భూపాల్ బడి నుంచి వచ్చేశాడు. బంగారు లాగోడు గొంగడోణ్ణి నేలకు అదిమిపట్టాడు. కుస్తీలో అట్లా భుజాలు నేలకానితే రెఫరీ నేలను మూడుసార్లు చరుస్తాడు. మూడో దెబ్బ పడిందా, ఆట అయిపోయినట్టే. మైసమ్మ ఆ లెక్కను బల్ల మీద చరుస్తూ చెప్పేది. ఒకటి అంది. రెండు అంది. మూడు అనబోతుండగా గొంగడోడు భుజం లేపాడు. ఆమె ఊపిరి తీసుకునేంతలో వెనకనుంచి పిల్లవాడి గొంతు, "అవ్వా, ఆకలైతున్నది." "ఆగురా భూపాల్, గొంగడోడు లేస్తున్నడు," అంది ఆమె. అది కూడా టేపు మీద ఎక్కిపోయింది. మళ్లీ చెరిపి ఎక్కిద్దామని సత్తయ్య అంటే ఆమే వద్దంది.

ఆ గొంతును కూడా ఇవాళ తుడిపించేస్తాడట. తన గొంతును తానే!

*

మొయినాబాద్‌లో దిగి ఆటో ఎక్కారు. ఫామ్‌హౌస్ గేటు దగ్గర ఖాకీ చొక్కా మనిషి అడ్డం వచ్చాడు. "ఎవరు గావాలె?" అని, మైసమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

"మైసక్కవు గదా? కుస్తీ మైసక్కవు! నేను ఎల్లేశ్‌ను. కందవాడ ఎల్లేశ్. సంతకొచ్చిన ప్రతిసారి మీ హాల్ల ముందల కూసునేటోణ్ణి." మనిషి మొహం వెలిగిపోయింది. "పొద్దుగాల సారు రూముల నుంచి నీ గొంతొస్తుంటె పిచ్చి లేసినట్టయింది అక్కా. నా చెవులే నన్ను మోసం చేస్తున్నయనుకున్న. ఏదీ, ఒక్కసారి గొంగడోణ్ణి పిలువు. ఒక్కసారే!"

మైసమ్మ మెడ మీది గుడ్డను వేలితో తాకింది.

ఎల్లేశ్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గేటు రెండు రెక్కలూ తెరిచాడు. కారు వస్తే తప్ప రెండో రెక్క తెరవని గేటు అది.

*

హాలు చల్లగా ఉంది. గోడల నిండా కుస్తీవీరుల పటాలు, గాజుపెట్టెలో గెలిచినవాళ్లు నడుముకు కట్టుకునే బంగారురంగు పటకా, ఎదురుగా గోడంత టీవీ. దాని కింద పాత వీసీఆర్. బల్ల మీద మైసమ్మ క్యాసెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని చూడగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. అది దుఃఖం కాదు. తన ఇంటి సామాను పరాయి ఇంట్లో కడిగి, తుడిచి, అందంగా పెట్టి ఉండడం చూసిన మనిషికి వచ్చే కోపం.

సోఫాలోంచి భూపాల్ అదిరిపడి లేచాడు. "మీరెందుకొచ్చిన్రు?"

"ఎవరు భూపాల్?" అన్నాడు రంజిత్. నలభై దాటిన మనిషి, టీషర్టు మీద ఏదో కుస్తీ బొమ్మ. చేతిలో రిమోట్.

"మా అమ్మ అన్నా. మా ఇంటామె. దవాఖానకు పోతున్నరు, దారిల..."

"కూసో పెద్దమ్మా. నీళ్లు తాగున్రి." రంజిత్ మర్యాద తెలియనివాడేం కాదు. గ్లాసులు తనే తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు. "మీ ఇంట్ల సామానే గదా ఇది. జర మీరే చెప్పున్రి, ఇట్ల చేసేటోళ్లుంటరా? నేను హాస్టల్‌ల ఉన్నప్పుడు ఈ పోటీ క్యాసెట్టు కోసం కోఠి అంత తిరిగిన. దొరకలె. ఇన్నేండ్లకు దొరికితే దాని నోట్లె మట్టి కొట్టినట్టు చేసింది ఎవతో."

పూర్ణిమ ఉండబట్టలేకపోయింది. "సౌండ్ గావాలంటే సీడీలల్ల దొరుకుతయి గద అన్నా, అవి చూడున్రి."

"సీడీ ఎవని దగ్గరనైనా ఉంటది చెల్లె. డబ్బాతోని ఒరిజినల్ క్యాసెట్టు ఉండుడు వేరు. జగదీశ్, చెప్పరాదు."

కింద కూర్చుని తీగలు కలుపుతున్న కళ్లద్దాల మనిషి తలెత్తాడు. "సీడీల నుంచి అసలు సౌండ్ తీసి దీనికి ఎక్కిస్త. ఈ ఆడామె గొంతు పోతది. మళ్ల కావాలన్నా రాదు." అతను ఒక క్షణం ఆగాడు. "అందుకనే అడుగుతున్న సార్. ఈ గొంతు ఎవరన్న మనోళ్లదా? ఇంట్లోళ్లదైతే ముందుగాల నకలు తీసిపెడ్త. కొందరు తర్వాత వచ్చి ఏడుస్తరు. ఎవల్ది గాకుంటే నకలుకు టైం ఎందుకు వేస్ట్?"

"భూపాల్, ఎవల్దంటవు?" అన్నాడు రంజిత్.

మైసమ్మ కొడుకు వంక చూసింది. పూర్ణిమ నోరు తెరవబోతే ఆమె మణికట్టు పట్టుకుని నొక్కింది. గాజులు చర్మానికి గుచ్చుకునేంత గట్టిగా.

ఎంత చిన్న మాట అది. మా అవ్వది. అంతే. ఆ మాట అంటే క్యాసెట్లు పోయినా గొంతు మిగులుతుంది. ఇంకేమీ అడగదు ఆమె. ఇచ్చేసినందుకు అడగదు, అబద్ధాలాడినందుకు అడగదు, పొద్దున్న అన్న మాటలకు కూడా అడగదు.

"చెప్పిన గదన్నా," అన్నాడు భూపాల్. "పనామెది. పేరు గూడ తెల్వది. ఇప్పుడు బతికి ఉన్నదో లేదో."

"మీ అమ్మకు తెలుస్తదేమో?"

"మా అమ్మ మాట్లాడదన్నా. గొంతు ఆపరేషన్ అయింది."

విన్నారా? కిరాయికి పెట్టుకున్న పనామె! పైగా బతికుందో లేదో! నోరులేని తల్లిని పక్కన నిలబెట్టుకుని, ఆమెకు నోరు లేకపోవడాన్నే సాక్ష్యంగా చూపించాడు. మైసమ్మకు ఒళ్లంతా మండింది. మెడ రంధ్రంలోంచి ఊపిరి బుసకొట్టింది. అరవడానికి గొంతు ఉంటే ఆ హాలు అద్దాలు పగిలేవి. అప్పుడు ఉన్న గొంతు ఇప్పుడు ఉంటే!

"సరే, ఇగ మొదలువెట్టు," అన్నాడు రంజిత్. "ఏ క్యాసెట్టు ముందల?"

మైసమ్మ లేచి బల్ల దగ్గరికి నడిచింది. ఎవరూ ఆపేలోగా వరసలోంచి ఒకటి తీసింది. నల్లంగీ బొమ్మ ఉన్న డబ్బా, మూల చిరిగింది. జగదీశ్ చేతిలో పెట్టి, పూర్ణిమ వైపు తిరిగి పెదవులు కదిపింది.

"ఇదే చెయ్యమంటున్నది," అంది పూర్ణిమ. ఎందుకో ఆమెకూ తెలియదు. "చెరిపే ముందర ఒకసారి వినిపియ్యమంటున్నది. పోనియ్యన్నా, పెద్దమనిషి అడుగుతున్నది."

రంజిత్ భుజాలెగరేశాడు. జగదీశ్ క్యాసెట్టు లోపలికి తోశాడు. తెర మీద గీతలు పాకి, బొమ్మ నిలబడింది.

"ఆ... కూసోన్రి కూసోన్రి! గొంగడోడు వచ్చిండు!"

హాలు నాలుగు మూలలా మైసమ్మ గొంతు.

ఇన్ని నెలల తర్వాత ఆమె తన గొంతు తాను విన్నది. ఇంత బలంగా ఉండేదా తన గొంతు? ఇంత పొగరుగా? ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది. ఏడవడానికి కాదు వచ్చింది.

"ఏం రా బంగారు లాగూ, గంట కొట్టకముందే మీద పడ్తవా? నీ అయ్య సొమ్మా రింగు?"

జగదీశ్ ఫక్కున నవ్వాడు. రంజిత్ కూడా నవ్వబోయి ఆగాడు. అతని చూపు తెర మీద లేదు. మైసమ్మ పెదవుల మీద ఉంది.

ఆ పెదవులు కదులుతున్నాయి. గొంతు కన్నా అర క్షణం ముందు. ప్రతి మాటా, ప్రతి తిట్టూ ముందు ఆ పెదవుల మీదికి వచ్చి, తర్వాత టీవీలో వినబడుతోంది.

"భూపాల్," అన్నాడు రంజిత్ మెల్లగా. "మీ అమ్మ..."

భూపాల్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

తెర మీద బంగారు లాగోడు కుర్చీ ఎత్తాడు. రెఫరీ అటు తిరిగి ఎవరికో ఏదో చెబుతున్నాడు. గొంగడోడి వీపు మీద కుర్చీ పడింది. టీవీ అదిరేలా మైసమ్మ గొంతు లేచింది.

"ఓ రెఫిరీ! గాడ్ది కొడుకా! ఎన్కనుంచి కొడ్తుంటె మొహం అటు తిప్పుకుంటవా? కండ్లు సంతల అమ్ముకున్నవా? ఇటు సూడు! ఇటు సూడురా!"

భూపాల్ భుజాలు బిగుసుకున్నాయి. తిరగలేదు.

గొంగడోడు పడిపోయాడు. బంగారు లాగోడు మీద పడి అదిమిపట్టాడు. రెఫరీ మోకాళ్ల మీద వాలాడు.

మైసమ్మ గాజుబల్ల ముందు కూర్చుంది. అరచెయ్యి చాచి చరిచింది. ఆ దెబ్బా, టీవీలోని దెబ్బా ఒకటిగా పడ్డాయి. నీళ్ల గ్లాసులు గలగలమన్నాయి.

"ఒకటి!"

రంజిత్ రిమోట్ కింద పెట్టేశాడు. జగదీశ్ తీగలు వదిలేశాడు. పూర్ణిమ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆమె మళ్లీ చరిచింది.

"రెండు!"

తెర మీద గొంగడోడి భుజం లేచింది. టేపులో నిశ్శబ్దం. ఆమె అప్పుడు పీల్చిన ఊపిరి వినబడుతోంది. ఇంకొక్క ఊపిరి చాలు, పిల్లవాడు 'అవ్వా' అంటాడు, ఆమె 'ఆగురా భూపాల్' అంటుంది. ఆ తర్వాత భూపాల్ చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

మైసమ్మ మూడో దెబ్బకు చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యిని అట్లాగే పట్టుకుని కొడుకు వీపు వంక చూసింది.

లెక్క ఆగిందని భూపాల్‌కు అర్థమైంది. పదో తరగతి దాకా విన్న లెక్క అది, ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ పడాలో అతనికి తెలుసు. కిటికీ వదిలి ఇటు తిరిగాడు. తల్లి నోటి వంక సూటిగా చూశాడు.

"చెప్పు," అన్నాయి ఆమె పెదవులు.

చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.